గర్భం వచ్చిందని లూపస్ మందులన్నీ ఆపేశాను, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది తాడిపత్రి దగ్గర పల్లె, చీనీ తోట ఉంది. నాలుగేళ్ల క్రితం బెంగళూరులో పరీక్షలు చేసి లూపస్ అన్నారు, అంటే ఒంట్లోని రక్షణ శక్తే సొంత అవయవాల మీద దాడి చేసే జబ్బట. అప్పట్లో కిడ్నీలకు కూడా వచ్చింది. మందులతో తగ్గింది, ఏడాదిన్నరగా మూత్రంలో ప్రోటీన్ పోవడం లేదు. ఇప్పుడు నాకు ఎనిమిదో వారం. నిన్నమొన్నటిదాకా రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ 200, అజాథయోప్రిన్ 50, ప్రెడ్నిసోలోన్ 5, టెల్మిసార్టాన్ 20 వేసుకునేదాన్ని. గర్భం అని తెలిసిన రోజే మా అత్త ‘ఇన్ని మాత్రలు మింగితే లోపల బిడ్డ ఏమైపోవాల’ అని అన్నీ ఆపించింది. పన్నెండు రోజులైంది. ఇక్కడి గైనకాలజిస్టు మేడమ్ ‘మీ బెంగళూరు డాక్టర్ని అడుగు’ అన్నారు. అక్కడ అపాయింట్‌మెంట్ నెల తర్వాత ఉంది. నా ఫైలులో ‘యాంటీ రో పాజిటివ్’ అని ఉంది, దానివల్ల బిడ్డకు గుండె జబ్బు వస్తుందని ఎక్కడో చదివి నిద్ర పట్టడం లేదు. కాన్పుకు జమ్మలమడుగు దగ్గర మా పుట్టింటికి పంపిస్తామంటున్నారు. అసలు ఈ బిడ్డను ఉంచుకోవచ్చా?
- పేరు రాయవద్దన్న ఒక చెల్లెలు, అనంతపురం జిల్లా

జవాబు: ఉంచుకోవచ్చమ్మా. మీరు రాసిన వివరాల్లో ఈ గర్భం తీయించుకోవాల్సిన కారణం ఒక్కటీ నాకు కనిపించలేదు. పైగా లూపస్ ఉన్నవాళ్లు గర్భానికి ముందు కనీసం ఆరు నెలలు జబ్బు అణగి ఉండాలని డాక్టర్లు అడుగుతారు. మీకు ఏడాదిన్నరగా అణిగే ఉంది. మంచి స్థితిలోనే మొదలుపెట్టారు. చెడగొట్టేదల్లా ఈ పన్నెండు రోజుల విరామమే. దాన్ని పదమూడో రోజుకు పోనివ్వకండి.

అపాయింట్‌మెంట్ నెల తర్వాత ఉందని ఊరుకోవద్దు. ఈరోజే మీ ఫైలు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేయించండి. ‘కిడ్నీకి వచ్చిన లూపస్ పేషెంట్‌ను, ఎనిమిదో వారం గర్భం, ప్రెడ్నిసోలోన్‌తో సహా అన్ని మందులూ ఆపి పన్నెండు రోజులైంది’ అని ఇదే వాక్యం చెప్పండి. మామూలుగా ‘సార్‌ను కలవాలి’ అంటే తేదీ ఇచ్చి పెట్టేస్తారు. ఈ మాట వింటే ఎవరో ఒక డాక్టరు లైనులోకి వస్తారు. అక్కడ దొరక్కపోతే రేపు పొద్దున్నే ఫైలు, మిగిలిన మాత్రల షీట్లు పట్టుకుని అనంతపురం సర్వజన ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్లండి. లూపస్ లాంటి జబ్బులు చూసే రుమటాలజిస్టే కానక్కర్లేదు, ఎండీ జనరల్ మెడిసిన్ డాక్టరు పాత చీటీ చూసి ఏవి మళ్లీ మొదలుపెట్టాలో చెప్పగలరు.

ఇంత తొందర దేనికంటే, ముందుగా ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర కోసం. స్టెరాయిడ్ ఏళ్ల తరబడి వేసుకుంటుంటే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. అలాంటప్పుడు మాత్రను ఒక్కసారిగా ఆపితే విపరీతమైన నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, కళ్లు తిరగడం రావచ్చు. మీ విషయంలో చిక్కేమిటంటే ఎనిమిదో వారంలో వేవిళ్లు కూడా ఇలాగే ఉంటాయి. ‘కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే’ అని ఇంట్లో తేల్చేస్తారు. లేవలేనంత నీరసం గానీ, నీళ్లు కూడా నిలవనన్ని వాంతులు గానీ ఉంటే ఫోన్లు, ఓపీలు కాదు, 108కి కాల్ చేసి ఎమర్జెన్సీకి వెళ్లి, స్టెరాయిడ్ మాత్ర ఆపిన సంగతి మొదటి మాటగా చెప్పండి.

ఇక మీ అత్తగారు ఆపించిన నాలుగు మందుల గురించి. నిజం చెప్పాలంటే అందులో ఒకటి ఆపడం సరైనదే. బీపీకి, కిడ్నీల రక్షణకు ఇచ్చే టెల్మిసార్టాన్ గర్భంలో వాడకూడదు. ముఖ్యంగా నాలుగో నెల నుంచి అది బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తుంది, ఉమ్మనీరు తగ్గిపోతుంది. తొలి వారాల్లోనే ఆపారు కాబట్టి దాని గురించి బెంగ పెట్టుకోకండి. ఐదో నెలలో చేసే టిఫా స్కాన్‌లో బిడ్డ అవయవాలన్నీ ఎలాగూ చూస్తారు. మీకు బీపీ ఉంటే దాని బదులు లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా లాంటివి ఇస్తారు. ఇది మాత్రం మళ్లీ వేసుకోకండి, పాత చీటీలో ఉన్నా సరే.

హైడ్రాక్సీక్లోరోక్విన్ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. లూపస్ ఉన్న గర్భిణికి ఇంతకంటే ముఖ్యమైన మాత్ర లేదు. ఇది బిడ్డకు చేరుతుంది, చేరినా హాని చేయదని ఎన్నో ఏళ్ల అనుభవంలో తేలింది. ఆపినవాళ్లలోనే జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. మీకు ఊరట కలిగించే సంగతి ఒకటుంది: ఈ మందు ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది. అంటే మీరు ఆపిన ఈ రోజుల్లో కూడా కొంత లోపల ఉండి పనిచేస్తూనే ఉంది. మోతాదు మీ బరువును బట్టి ఉంటుంది, కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. కళ్ల పరీక్ష చేయించుకుని ఏడాది దాటి ఉంటే ఈ గర్భంలోనే ఒకసారి చేయించుకోండి.

లూపస్‌ను అణచి ఉంచే అజాథయోప్రిన్ పేరు వింటే చాలామంది మెడికల్ షాపువాళ్లే జంకుతారు. డబ్బా మీద హెచ్చరిక కూడా అలాగే ఉంటుంది. కానీ ఈ మందును పనిచేసే రూపంలోకి మార్చే శక్తి గర్భంలో ఉన్న బిడ్డ కాలేయానికి ఉండదు. కిడ్నీ మార్పిడి చేయించుకున్న స్త్రీలు దశాబ్దాలుగా ఇదే వాడుతూ పిల్లల్ని కంటున్నారు. ప్రెడ్నిసోలోన్‌లో ఎక్కువ భాగాన్ని మాయే విరిచేస్తుంది, బిడ్డకు చేరేది సుమారు పదో వంతు. 5 మిల్లీగ్రాములు చిన్న మోతాదే. ఎక్కువ మోతాదులో సాగితే మాత్రం షుగరు, బీపీ పెరగవచ్చు, అందుకే మీకు షుగర్ టెస్టు తప్పకుండా చేస్తారు.

ఇది చదువుతున్న వేరే లూపస్ చెల్లెళ్లకు ఇక్కడే ఒక మాట. ఈమె అదృష్టం బాగుండి అజాథయోప్రిన్ మీద ఉంది. మీలో కొందరు మైకోఫెనోలేట్, మెథోట్రెక్సేట్, సైక్లోఫాస్ఫమైడ్, లేదా రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతుండవచ్చు. అవి బిడ్డ అవయవాలు ఏర్పడే దశలో హాని చేస్తాయి. మైకోఫెనోలేట్ అయితే గర్భానికి కనీసం ఆరు వారాల ముందే ఆపి, వేరే మందుకు మారి, దాని మీద జబ్బు అణిగే ఉందా అని కొన్ని నెలలు చూసుకోవాలి. కాబట్టి పిల్లలు కావాలన్న మాట ఇంట్లో చెప్పడానికి ముందే డాక్టరుకు చెప్పండి. ఒకవేళ ఈ మందుల మీద ఉండగానే నెల తప్పితే, అదే రోజు ఫోన్ చేయండి.

మీ అత్తగారి మీద నాకు కోపం లేదు. మనవడో మనవరాలో బాగుండాలనే ఆపించింది. ఆమెతో వాదన పెట్టుకోకండి, వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లి ‘మా అత్తకే చెప్పండి సార్’ అనండి. అప్పటిదాకా ఒక్క మాట చెప్పి చూడండి: పిందె పట్టిన చీనీ చెట్టుకు ఎవరూ నీళ్లు ఆపరు. మీ మందులూ అంతే. లూపస్ తిరగబెడితే గర్భం పోవడం, నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ బరువు తగ్గడం, తల్లి కిడ్నీ దెబ్బతినడం, వీటన్నిటికీ అవకాశం పెరుగుతుంది. బిడ్డకు భయపడాల్సింది ఆ మూడు మాత్రల నుంచి కాదు, అదుపు తప్పిన జబ్బు నుంచి. మీ ఆయన ఈ విషయంలో ఏమన్నారో మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టి ఈ జవాబు చదివించండి.

ఇప్పుడు మీకు నిద్ర పట్టనివ్వని సంగతి. యాంటీ రో అంటే మీ రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ, కొన్ని ల్యాబుల్లో ఎస్‌ఎస్‌ఏ అని రాస్తారు. ఇది మాయ దాటి బిడ్డకు చేరుతుంది. కొద్దిమంది బిడ్డల్లో గుండె కొట్టుకునే లయను నడిపే తీగల్లాంటి కణజాలాన్ని దెబ్బతీసి, గుండె మరీ నెమ్మదిగా కొట్టుకునేలా చేస్తుంది. దీన్నే హార్ట్ బ్లాక్ అంటారు. కొద్దిమంది అంటే ఎంతమంది? ఇంతకుముందు అలాంటి బిడ్డ పుట్టని తల్లుల్లో నూటికి ఒకరో ఇద్దరో. మిగతా తొంభై ఎనిమిది మంది గురించి మీరు చదివినచోట రాసి ఉండరు. ఆ ఒకటి రెండు శాతాన్ని కూడా తగ్గించగలదని డాక్టర్లు ఇచ్చే మందు హైడ్రాక్సీక్లోరోక్విన్. మీరు ఏ మాత్ర చూసి బిడ్డకోసం భయపడి ఆపారో, ఆ బిడ్డ గుండెకు కాపలా అదే.

ఈ సమస్య వస్తే ఎక్కువగా 16 నుంచి 26 వారాల మధ్య వస్తుంది. అందుకని ఆ రోజుల్లో ఫీటల్ ఎకో అనే స్కాన్ వారానికో రెండు వారాలకో ఒకసారి చేయమంటారు. ఇది మామూలు స్కానింగ్ సెంటర్లలో చేసే స్కాన్ కాదు. పిల్లల గుండె డాక్టరు గానీ, ఫీటల్ మెడిసిన్ డాక్టరు గానీ చేయాలి. ప్రతిసారీ బెంగళూరు పోవడం మీకు ఖర్చు, అలసట రెండూను. కాబట్టి ఎన్నిసార్లు తప్పనిసరి, మధ్యలో ఇక్కడి గైనకాలజిస్టు డాప్లర్‌తో బిడ్డ గుండె వేగం చూస్తే సరిపోతుందా అని ఇప్పుడే అడిగి తేదీలు రాయించుకోండి. పుట్టాక బిడ్డకు ఒక ఈసీజీ తీయించాలి. కొందరు బిడ్డలకు ముఖం మీద గుండ్రటి ఎర్ర మచ్చలు వస్తాయి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఆరు నుంచి ఎనిమిది నెలల్లో పోతాయి, వాటితోపాటే మచ్చలూ పోతాయి. బిడ్డకు లూపస్ వచ్చిందని కాదు దానర్థం.

మీ ఉత్తరంలో లేని ఒక పరీక్ష గురించి నేనే అడుగుతున్నాను. ఫైలులో లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా టూ గ్లైకోప్రోటీన్ అన్న మూడు పేర్లు వెతకండి. ఇవి రక్తం గడ్డకట్టే స్వభావాన్ని చెప్పే పరీక్షలు. పాజిటివ్ వస్తే మళ్లీ 12 వారాల తర్వాత చేసి నిర్ధారించుకుంటారు. గర్భాలు వరసగా పోతున్న కొందరిలో అసలు కారణం ఇదే. ఉంటే చిన్న మోతాదు ఆస్పిరిన్‌తోపాటు రోజూ పొట్ట దగ్గర హెపారిన్ ఇంజెక్షన్ ఇవ్వాల్సి రావచ్చు. హెపారిన్ మాయ దాటదు, బిడ్డకు చేరదు. ఇంజెక్షన్ ఇంట్లోనే వేసుకోవడం నేర్పిస్తారు. ఈ పరీక్షలు ఇంతవరకు చేయకపోతే ఈసారి రక్తం ఇచ్చేటప్పుడే చేయించండి. ఇవి నెగెటివ్ అయినా మీకు ఆస్పిరిన్ మాత్రం రాస్తారు. లూపస్ ఉన్నవాళ్లకు గర్భవాతం, అంటే బీపీ పెరిగి మూత్రంలో ప్రోటీన్ పోయే ప్రీఎక్లాంప్సియా, వచ్చే అవకాశం ఎక్కువ. దాన్ని తగ్గించడానికి 12వ వారం నుంచి రోజుకు 75 నుంచి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తారు. 16వ వారం దాటకముందే మొదలుపెడితే ప్రయోజనం ఎక్కువ. మీకు ఇంకా నెల టైముంది, గైనకాలజిస్టును మీరే అడగండి.

మీ కిడ్నీ చరిత్ర వల్ల నా దృష్టంతా ఇక్కడే ఉంది. ఇరవై వారాల తర్వాత కాళ్లవాపు, బీపీ, మూత్రంలో ప్రోటీన్ కనిపిస్తే అది గర్భవాతమా, లూపస్ మళ్లీ కిడ్నీకి వచ్చిందా అని పెద్ద డాక్టర్లే తలపట్టుకుంటారు. రెంటికీ వైద్యం వేరు. గర్భవాతానికి చివరికి మందు కాన్పే, లూపస్‌కు మందులు పెంచాలి. తేడా తెలియాలంటే మీరు బాగున్నప్పటి లెక్కలు చేతిలో ఉండాలి. అందుకే ఈ వారంలోనే మూత్రంలో ప్రోటీన్ క్రియాటినిన్ నిష్పత్తి, రక్తంలో క్రియాటినిన్, రక్తకణాల లెక్క చెప్పే సీబీసీ, లూపస్ ఎంత చురుగ్గా ఉందో చెప్పే సీ3, సీ4, డీఎస్ డీఎన్ఏ చేయించి, ఒక నోట్‌బుక్‌లో తేదీతో రాసి పెట్టుకోండి. తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి. ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్ ఎక్కువ వచ్చిందని కంగారు పడకండి, గర్భంలో అందరికీ పెరుగుతుంది. సీ3, సీ4 కూడా మామూలుగా గర్భంలో పెరగాలి, అందుకే రిపోర్టులో ‘నార్మల్’ అని ఉన్నా ముందటికంటే తగ్గుతూ వస్తే డాక్టరు పట్టించుకుంటారు.

చేతికి పెట్టుకునే డిజిటల్ బీపీ మిషన్ ఒకటి కొనండి. ఈ ఖర్చు దగ్గర వెనకాడవద్దు. మణికట్టుకు పెట్టేది కాదు, భుజం కింద చుట్టేది. వారానికి రెండు మూడు సార్లు, ఇరవయ్యో వారం తర్వాత రోజూ చూసుకోండి. 140/90 వస్తే కాసేపు కూర్చుని మళ్లీ చూడండి, మళ్లీ అంతే వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడి పక్క డొక్క కింద నొప్పి, నిద్రలేవగానే ముఖం వాపు, మూత్రంలో నురగ, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు.

మీ ఊరి ఆశా కార్యకర్తకు లూపస్ సంగతి దాచకుండా చెప్పండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు. ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్ల కార్డుకు ఎర్ర స్టిక్కర్ అంటిస్తారు. ఆ స్టిక్కర్ చూసి చిన్నబుచ్చుకోకండి, దాన్ని అడిగి వేయించుకోండి. రాత్రిపూట ఎక్కడికి వెళ్లినా కార్డు చూడగానే మీ సంగతి తెలుస్తుంది.

కీళ్లనొప్పులకు మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ తెచ్చుకోవద్దు. ఇరవై వారాలు దాటాక బిడ్డ కిడ్నీలకు, గుండె దగ్గరి రక్తనాళానికి హాని, పైగా మీ కిడ్నీలకు ఎప్పుడూ మంచివి కావు. పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఎవరో పసరు ఇస్తారని, కిడ్నీకి నాటుమందు ఉందని బంధువులు తీసుకెళ్తామంటే ఒప్పుకోకండి. ఫోలిక్ యాసిడ్ మానొద్దు. కాల్షియం, ఐరన్ రెండూ ఒకేసారి వేసుకోకుండా ఒకటి పొద్దున, ఒకటి రాత్రి వేసుకోండి. రాగిసంగటి, పప్పు, ఆకుకూర, గుడ్డు మీ ఇంట్లో ఉండేవే, అవే తినండి. బొప్పాయి గురించి ఇంట్లో గొడవైతే మానేయండి, పోయేదేమీ లేదు.

ఎండ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, తాడిపత్రి ఎండ లూపస్ లేనివాళ్లనే పడేస్తుంది. పది నుంచి నాలుగు దాకా తోటలోకి పోవద్దు. కాయ కోతల రోజుల్లో ‘ఒక్క గంటే కదా’ అని పిలుస్తారు, అప్పుడు కూడా. బయటికి పోక తప్పకపోతే నిండు చేతుల నూలు జాకెట్, గొడుగు. జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ గర్భంలో వాడుకోవచ్చు. నీడలోనే ఉంటే విటమిన్ డి తగ్గుతుంది, కాబట్టి దానికి పరీక్ష చేయించి డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోండి.

పుట్టిల్లు. తొలికాన్పు పుట్టింట్లో కావాలని మీ అమ్మానాన్నలకు ఉండే ఆశ నాకు తెలుసు. కానీ ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఊరు మారితే, అన్నాళ్లూ మిమ్మల్ని చూసిన డాక్టరు సరిగ్గా అవసరమైనప్పుడు దూరమవుతారు. గర్భవాతం వచ్చేదీ, లూపస్ చిక్కులు పెరిగేదీ చివరి మూడు నెలల్లోనే. సీమంతం ఘనంగా చేసుకోండి, గాజులు వేయించుకోండి. మీ అమ్మనే మీ దగ్గరికి రప్పించుకోండి. కాన్పు మాత్రం రక్తం నిల్వలు, పసిపిల్లల ఐసీయూ, మత్తు డాక్టరు ఇరవైనాలుగు గంటలూ ఉన్నచోట కావాలి. అనంతపురమా, బెంగళూరా అన్నది ఏడో నెలలో మీ బీపీ, కిడ్నీ లెక్కలు, బిడ్డ ఎదుగుదల స్కాన్ చూసి తేలుతుంది. లూపస్ ఉందంటే సిజేరియనే అని మాత్రం అనుకోకండి. అంతా బాగుంటే మామూలు కాన్పు అవుతుంది. మీరు రోజూ స్టెరాయిడ్ వేసుకుంటున్నారని కాన్పు గదిలో చెప్పాలి, ఆ సమయంలో డోసు పెంచాల్సి రావచ్చు.

బిడ్డను ఎత్తుకోగానే జబ్బు మాట అందరూ మరిచిపోతారు. కాన్పయ్యాక తొలి మూడు నెలల్లో లూపస్ తిరగబెట్టడం కొత్తేమీ కాదు. పసిపిల్లతో నిద్ర లేక, బాలింత నీరసం అనుకుని లక్షణాలు పట్టించుకోరు. అందుకని కాన్పైన నెలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి మూత్రం, రక్తం పరీక్షలు చేయించుకోవాలి. బాలింత పథ్యం పేరుతో నీళ్లు తగ్గిస్తే మీ కిడ్నీలకు మంచిది కాదు, దాహమైనప్పుడల్లా తాగండి. ఈ మూడు మందులూ వేసుకుంటూ పాలివ్వవచ్చు. మందు ఆపి పాలివ్వమనో, పాలు ఆపి మందు వేసుకోమనో ఎవరు చెప్పినా వినకండి.

తర్వాతి గర్భానికి మళ్లీ ఆరు నెలలు జబ్బు అణిగి ఉండాలి, కాబట్టి కాన్పు ముందే గైనకాలజిస్టుతో ఎడం గురించి మాట్లాడండి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మీరే కొనుక్కుని వాడవద్దు. పైన చెప్పిన రక్తం గడ్డకట్టే పరీక్షలు పాజిటివ్ అయితే అవి అసలే పనికిరావు. కాపర్ టీ లూపస్ ఉన్నవాళ్లు కూడా వేయించుకోవచ్చు.